తొమ్మిది పేర్లు

లాయర్లు కాఫీకని బయటికి వెళ్ళారు. గాజు గదిలో ఇద్దరే మిగిలారు: కంపెనీ అమ్ముతున్నతను, కొనేవాళ్ళ తరఫున బేరం నడుపుతున్న అతని అక్క భర్త.

"తలుపెందుకు వేశారు? చెప్పేదేదో అందరి ముందూ చెప్పండి."

"ఏంట్రా ఈ అండీ గిండీ? నేను మీ బావని."

"బల్లకి అవతల కూర్చున్నారుగా. అటు కూర్చున్నవాళ్ళని మీరనే అంటాం."

"సరే, తిట్టు. తిట్టడం అయ్యాక ఆ కాగితం ఇవ్వు. ఉద్యోగంలోంచి తీసెయ్యాల్సిన తొమ్మిది పేర్లు. మధ్యాహ్నంలోగా."

"రాయను."

"ముప్ఫైనాలుగు మందిలో తొమ్మిది మందేరా..."

"రాయనన్నానా! ఏ ఆసుపత్రిలో ఏ రక్తం ఎంతుందో చెప్పే ప్రోగ్రామ్ ఇది. కిటికీ పక్కన కూర్చునే ఆవిడ ఉందే, పిల్లకి జ్వరమొచ్చినా ఒళ్ళో పడుకోబెట్టుకుని తప్పులు సరిచేసింది. ఆవిడ పేరు రాయనా? లేక మెట్ల దగ్గరి పెద్దాయన పేరు రాయనా? యాభై ఎనిమిదేళ్ళు. ఆయన్ని ఇంకెవరు పన్లో పెట్టుకుంటారు?"

"ఒక్కొక్కళ్ళ మొహం చూస్తూ కూర్చుంటే ఏ కంపెనీ అమ్ముడుపోదు. ఇరవై రెండు కంపెనీలు కలిపాను నేను."

"తెలుసులే. పెళ్ళిళ్ళ పేరయ్యవి. ముడేసి చేతులు దులుపుకుంటావు. ఆ కాపురాలేమయ్యాయో ఒక్కసారైనా వెనక్కి తిరిగి చూశావా?"

"హమ్మయ్య. 'నువ్వు'లోకి దిగావు."

"నవ్వకు బావా. ఒళ్ళు మండిపోతోంది."

"నవ్వట్లేదురా."

"మన మొదటి కంపెనీ గుర్తుందా? కింద లాండ్రీ, పైన మనం. ఆ మిషన్ల వేడికే చలికాలాలు గట్టెక్కాం. ఏ లారీ ఎక్కడుందో చెప్పే ప్రోగ్రామ్. ప్రతి లైనూ నేను రాశా."

"నేను టై కట్టుకుని గుమ్మం గుమ్మం ఎక్కి అమ్మకపోతే ఆ లైన్లు మనకి కూడు పెట్టేవా?"

"పెట్టేవి కావు. కానీ ఆఖరికి కంపెనీనే అమ్మేశావు. అప్పుడూ ఇలాంటి కాగితమే. అందులో ఎవరి పేరు? నాది! నా వీసా ఆ ఉద్యోగం మీదే ఉందని తెలిసి కూడా. రెండు నెలల్లో ఇంకోటి దొరక్కపోతే దేశం వదిలి పొమ్మన్నారు. యాభై మూడు చోట్ల అడిగాను. నాలుగు రోజులు మిగిలుండగా దొరికింది."

"పన్నెండేళ్ళయిందిరా."

"నీకు. నాకు కాలేదు."

"ఇద్దరిలో ఒక్కరే చాలన్నారు కొన్నవాళ్ళు. నువ్వో, నేనో. నా వీసా మీద నలుగురం బతకాలి. నువ్వు ఒంటరివి."

"ఆ మాటేదో నా మొహం మీద చెప్పుంటే సగం కోపం అప్పుడే పోయేది. ఉత్తరం పంపించావు! పక్క గదిలో కూర్చుని!"

"చెప్పలేకపోయాను."

"ఎందుకని?"

"ముందు ఈ కాగితం సంగతి చూడు."

"మాట మార్చకు. కాగితం లేదు, గీగితం లేదు. సంతకమే పెట్టను. నా కంపెనీ అమ్మను, పో. వెళ్ళి చెప్పుకో మీవాళ్ళకి."

"ఆవేశపడకురా..."

"ఆ రెండు నెలలూ నన్ను మనిషిలా చూసింది అక్క ఒక్కతే. రోజూ క్యారేజీ తెచ్చి గుమ్మంలో పెట్టేది. ఒక్క మాట కూడా మాట్లాడేది కాదు, ఏడ్చేది."

"అక్కని ఇందులోకి లాగకు."

"లాగుతాను. ఇప్పుడే ఫోన్ చేస్తా. నీ మొగుడు మళ్ళీ జనం గొంతులు కోస్తున్నాడని చెప్తా."

"వద్దురా."

"రింగవుతోంది."

"కట్ చెయ్! కట్ చెయ్యమన్నానా! పన్నెండేళ్ళు నోరు కుట్టేసుకుని నీ తిట్లన్నీ తిన్నాను, అది చాలదా నీకు?"

"కట్ చేశా. ఇప్పుడు చెప్పు. ఎవరు కుట్టుకోమన్నారు నోరు?"

"వదిలెయ్."

"ఎవరు, బావా?"

"ప్రోగ్రామ్ నీది. నువ్వు లేకపోతే అది వారం కూడా నడవదని నాకు తెలుసు. అందుకే తప్పుకునేవాడి పేరు దగ్గర నా పేరే రాసి, కాగితం ఇంటికి తెచ్చి పెట్టాను. పొద్దున లేచి చూస్తే మారిపోయి ఉంది. నోరెత్తకుండా అలాగే పంపేశాను, అది నా తప్పే. కానీ నా పేరు కొట్టేసి నీ పేరు రాసింది నేను కాదురా, మీ అక్క."