తుపాకి అప్పగింత

పోయిన మొగుడి తుపాకిని గోనెపట్టాలో చుట్టుకొని, ఆమె అరసికెరె నుంచి బస్సులో పావగడకు వచ్చి తుపాకుల అంగడాయన ముందర బల్ల మీద పెట్టింది.

"గొట్టం నా తట్టు ఉండాది. గోడ తట్టు తిప్పక్కా."

"గుండ్లు లేవప్పా. ఉత్త కట్టె."

"అట్లన్నోళ్లే కాళ్లు పోగొట్టుకున్నారు. లేకున్నా ఉండాయనే అనుకోవల్ల."

"దీన్ని ఊరికే గోడకు తగిలించుకుంటే కాదా?"

"లైసెన్సు ఆయప్ప పేర ఉండె. ఇంక ఇంట్లో పెట్టుకోకూడదు, ఈడ అప్పగించాల్సిందే."

"సరే, తీసుకో."

"తెరిచి చూస్తా. ముందర నిలబడొద్దు, పక్కకు జరుగు."

ఆమె కదలలేదు.

"చెప్తాంటే వినపళ్లేదా?"

"వినపడిందప్పా. చెనిక్కాయ చేన్లో పందుల్ని బెదిరించేకి తుపాకి ఎత్తినప్పుడల్లా ఆయప్పా ఇట్లే కసురుతా ఉండె. ఆయప్ప పోయినాక నన్ను పక్కకు జరగమనేటోళ్లే లేరు."