మొసలి పోసిన టీ

"ఆ ముఫులీరా ఊరి పెద్దమనిషి చెవి తమ్మె గోక్కున్నాడు, అంతే. ఇస్పేటు రాణి ఆయన చేతిలోనే ఉందని నాకు తెలిసిపోయింది. ఇదేం పెద్ద విషయం కాదులే, ఎవడైనా చెబుతాడు," అన్నాడు కసూబా తాత, టీ కప్పు కింద పెడుతూ.

ఆయన 'పెద్ద విషయం కాదులే' అన్నాడంటే లువాన్‌ష్యా ఊరి గని క్లబ్బు వరండాలో ఉన్నవాళ్ళంతా కుర్చీలు కాస్త దగ్గరికి లాక్కుంటారు. పెద్ద విషయం వెనకాలే వస్తోందని అందరికీ ఎరుకే. రెండో బల్ల వాళ్ళు కూడా ఆట ఆపేసి వేరుశెనగల పళ్ళెంతో సహా ఇటు జరిగారు.

మసేకో ఒక్కడే జరగలేదు. ఆయన క్లబ్బు కార్యదర్శి. బ్రిడ్జి ఆటలో గెలుచుకున్న పట్టులన్నిటికీ గోటితో అంచులు సరిచేసి, బారు తీరిస్తే గానీ తర్వాతి ముక్క వేయడు. పాట పాడబోయే ముందు, అంటే ఎన్ని పట్టులు గెలుస్తాడో పందెం చెప్పే ముందు, కళ్ళద్దాలు తుడుచుకుంటాడు. ముక్కలు బాగుంటే ఇంకాస్త సేపు తుడుస్తాడు.

"బావా, కథలు తర్వాత. ముందు ఆట," అన్నాడు మసేకో.

కసూబాది బెంబా తెగ, మసేకోది ఎన్‌గోనీ తెగ. ఈ రెండిటికీ తాతల నాటి నుంచీ వరసే పరాచికాల వరస. ఏమన్నా కోపం రాకూడదు.

"ఎలకలు తినే జాతివి, నీకు తొందరెక్కువ. ఎలకేం పారిపోదు, కూర్చో బావా," అన్నాడు కసూబా.

"కోతులు తినే జాతివి, నీకు నోరెక్కువ. ఆ నోటి సంగతే తేల్చుకుందామంటున్నా."

సంగతేమిటంటే, వచ్చే వారం ఎన్‌డోలాలో పెద్ద బ్రిడ్జి పోటీ ఉంది. కసూబా, ఆయన భార్య నాన్యాంగ్వే క్లబ్బులో అందరికంటే పాత జోడీ, అందరికంటే మంచి జోడీ. వాళ్ళని కాక ఇంకెవరిని పంపుతారు? కానీ ఈ మధ్య కసూబాకి ఓ కొత్త జబ్బు పట్టుకుంది. బల్ల మీద ఏ ముక్క పడ్డా పేరు పెట్టి కేకేస్తాడు. తనది వేసినా అంతే, ఎదుటివాళ్ళు వేసినా అంతే. "ఇదిగో, మసేకో బావ కళావరు పది విసిరాడండోయ్!"

పైగా డమ్మీ అయినప్పుడూ ఊరుకోడు. బ్రిడ్జిలో పాట అయ్యాక పాట గెలిచిన మనిషి జోడీ తన ముక్కలన్నీ బల్ల మీద పరిచేసి పక్కకి తప్పుకోవాలి. ఆ మనిషే డమ్మీ. దేవుడు నోరిచ్చినా ఆ కాసేపు దాన్ని వాడకూడదు. కసూబా మాత్రం పెళ్ళివారిని పందిట్లోకి పిలిచినట్టు ఒక్కో ముక్కనీ పిలిచి మరీ దించుతాడు. "ఇస్పేటు రాజుగారు వేంచేస్తున్నారు, వెనకాలే వారి బంటు జాకీ..."

అందుకే మసేకో ఇవాళ తీర్పు చెప్పాడు. టీ అయ్యాక ఒక్క పంపకం ఆట, కసూబా నోరు మెదపకుండా ఆడాలి. ఆడితే ఎన్‌డోలాకి వాళ్ళే. ఆడలేకపోతే వేరే జోడీ.

ఆ తీర్పు విన్న దగ్గర్నుంచి నాన్యాంగ్వే వితుంబువా కొరకడం మర్చిపోయింది. వేడివేడిగా నూనెలోంచి తీసిన బూరె, చేతిలోనే చల్లారిపోయింది. ఎందుకంటే ఆవిడ గుట్టు ఆవిడకి ఒక్కదానికే తెలుసు. బల్ల మీద పడ్డ ముక్క ఆవిడకి ఒట్టి మసక. ఎరుపో నలుపో తెలుస్తుంది, ఆపైన ఏమీ తెలీదు. తన చేతి ముక్కలు మాత్రం ముక్కుకి ఆనించుకుంటే కనపడతాయి. అలా ఆనించుకోవడం చూసి క్లబ్బంతా నవ్వుకుంటుంది, ఆవిడ ముక్కల వాసన పడుతుందని. ఆ మాట పుట్టించింది కసూబాయే. "మా ఆవిడకి ఆఠీను మామిడిపండు వాసన, ఇస్పేటు తడిమట్టి వాసన!" అని ఊరంతా చాటాడు.

చాటనీ, మంచిదే అనుకుంది ఆవిడ. ఆయన గొప్పల పిచ్చీ, ఈ కేకల పిచ్చీ నాకు కలిసొచ్చాయి, చెవులతో ఆడేస్తున్నాను, ఎవరికీ తెలీదు అనుకుంది. తెలిస్తే ఏమంటారు? పెద్దదానివైపోయావు, ఇక ఇంట్లో కూర్చో అంటారు. పెళ్ళయిన కొత్తల్లో ఈ బల్ల దగ్గరే కదా ఆ మనిషి ఎదురుగా కూర్చుని ఆట నేర్పింది! ఆ ఎదురు కుర్చీ పోతే ఇంకేం మిగులుతుంది?

"సరే, ముఫులీరా అయిందా," అని కసూబా మళ్ళీ అందుకున్నాడు. "ఆ తర్వాత ఏమైందో తెలుసా? కిట్వేలో ఒకాయన బల్ల కింద బూటు తాటించేవాడు. ఆ తాళం విని ఆయన చేతిలో పదమూడు ముక్కలూ వరసగా చెప్పేశాను. పాపం, ఆయన బూట్లు మానేసి చెప్పులేసుకున్నాడు."

"మరి నా సంగతి, తాతా?" అంది ముతింత. ఆ పిల్ల ఆసుపత్రిలో నర్సు, మసేకో జోడీ.

"నీదా? ముక్కలు బాగా లేకపోతే గుడి పాట కూనిరాగం తీస్తావు. బాగుంటే దేవుణ్ణి మర్చిపోతావు."

అందరూ ఘొల్లుమన్నారు. ముతింత నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఇవన్నీ ఎదురుగా కూర్చున్నప్పటి ముచ్చట్లు. చింగోలాలో అయితే గోడకి ఇవతల నేను, అవతల ఆట. ఒకావిడ టీలో చెంచా తిప్పుతోంది. ఆ గలగల విని, 'అమ్మా, ఆ డైమను ఆసు దాచుకోకు, వేసేయ్' అని గోడవతలికి కేకేశాను. చెంచా కింద పడింది! ఇంకోసారి ఫోనులో ఒకాయన దగ్గాడు. ఆయన లుసాకాలో, నేనిక్కడ. 'నీ దగ్గర తురుపే లేదు కదయ్యా' అన్నాను. ఫోను పెట్టేశాడు."

"టీ అయిపోయింది బావా," అన్నాడు మసేకో.

"నాది కాలేదు." కసూబా ఖాళీ కప్పు ఎత్తి గుటక వేశాడు. నాన్యాంగ్వేకి ఆ కప్పు కనపడలేదు గానీ గుటకలో తడి లేదని వినపడింది. ఈయనెందుకిలా సాగదీస్తున్నాడు? నోరు మూసుకుని ఆడటం ఈయనకి అంత కష్టమా?

"అసలుది వినండి. కఫూవె నది ఒడ్డున మా లారీ చెడిపోయింది. పొద్దుపోవాలి కదా. ముగ్గురం ఉన్నాం, నాలుగో చెయ్యి లేదు. నీళ్ళలోంచి ఓ మొసలి వచ్చి కూర్చుంది."

"కూర్చుందా!"

"మర్యాదగా కూర్చుంది. తోక కుర్చీ వెనక నుంచి వేలాడేసింది."

"నది ఒడ్డున కుర్చీ ఎక్కడిది తాతా?"

"మొసలే తెచ్చుకుందమ్మా. మనలాగా క్లబ్బు కుర్చీల మీద పడి బతికేది కాదు."

"ముక్కలెలా పట్టుకుంది మరి?"

"పళ్ళ సందున. ఒక్కో సందుకి ఒక్కో ముక్క, ఎంత శుభ్రంగా అమర్చుకుందనీ! మసేకో బావ కూడా అంత బారుగా పెట్టలేడు. దాని అలవాట్లు కనిపెట్టడానికి నాకే చెమటలు పట్టాయి. ఎడమ కన్ను మూస్తే ఆసు ఉన్నట్టు. తోక కొడితే జాకీ. ఏడిస్తే నమ్మకూడదు, ఏమీ ఉండదు. ఆఖరి పట్టు దగ్గర ఆఠీను రాణి ఎక్కడుందో అంతు పట్టలేదు. ఏమైతే అయిందని, 'ఆఠీను రాణీ!' అని పేరు పెట్టి పిలిచాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆ రాణి మొసలి పళ్ళ సందులోంచి ఎగిరి వచ్చి బల్ల మీద వెల్లకిలా పడింది! పేరు పెట్టి పిలిస్తే పలకనిదెవరు? అప్పట్నుంచే ముక్కల్ని పిలుస్తున్నాను. నేను నోరు మూసుకుంటే ముక్కలు అలుగుతాయి బావా, ఎన్‌డోలాలో ఒక్కటీ మాట వినదు."

వరండా అంతా నవ్వు. మసేకో నవ్వలేదు. కళ్ళద్దాలు తీశాడు.

"బావా, ఆ మొసలి నువ్వు గనిలో లారీ తోలేటప్పటిది కదా?"

"అవును."

"మరి ఇన్నేళ్ళూ ఈ బల్ల దగ్గర బొమ్మలా కూర్చుని ఆడావు. నీ నోరు ఆటలో లేచింది మొన్న మొన్ననే. అప్పటి మొసలికి ఇప్పుడు కేకలేమిటి?"

కసూబాకి మాట తడబడటం ఆ క్లబ్బులో ఎవరూ చూడలేదు. ఆ సాయంత్రం చూశారు.

"అదీ... పిలవడం అప్పుడే నేర్చుకున్నా... మొదలెట్టింది మాత్రం ఆ టీ పోసిన రోజు... కప్పులో పోయకుండా బల్ల మీద పోసిన..." అని నాలిక కరుచుకున్నాడు. "మొసలి! మొసలి పోసిందయ్యా టీ. ఆట అయ్యాక మర్యాద చేద్దామనుకుంది. కప్పు పక్కన పోసింది. మొసలికేం తెలుసు?"

అందరూ మళ్ళీ నవ్వారు. నాన్యాంగ్వే నవ్వలేదు. ఆవిడ చేతిలో చల్లారిన బూరె పళ్ళెంలోకి జారింది.

ఆ టీ పోసింది ఆవిడే. కిందటి వానల్లో, ఇంట్లో. కప్పు ఉందనుకున్న చోట లేదు. కసూబా గబగబా తన చొక్కా అంచుతో తుడిచేసి, "ఈ బల్ల కాలు కుంటిది, రేపే బాగుచేయిస్తా" అన్నాడు. బల్ల ఎప్పుడూ బాగుచేయించలేదు. కుంటితనం బల్లది కాదు మరి! ఆ వారమే క్లబ్బులో మొదటిసారి, "కళావరు ఏడండోయ్!" అని అరిచాడు. ఆవిడ సిగ్గుతో చచ్చిపోయింది, ముసలాడికి చాదస్తం ముదిరిందని. ఎంత పిచ్చిది తను! గుట్టు తనొక్కదానిదే అనుకుంది. ఊరందరి అలవాట్లూ కనిపెట్టానని కోతలు కోసే మనిషి, నిజంగా కనిపెట్టింది తనని ఒక్కదాన్నే, కనిపెట్టి దాని గురించి మాత్రం ఒక్క కోతా కోయలేదు.

ఇప్పుడు మొసళ్ళని అడ్డం పెడుతున్నాడు. తను ఊరుకుంటే నోటి తీటగాడన్న పేరు మోస్తూ ఇంటికి వస్తాడు, కిమ్మనడు.

"మొసలీ లేదు, గిసలీ లేదు," అంది నాన్యాంగ్వే. వరండా అంతటికీ వినపడింది. "టీ పోసింది నేను."

"ఊరుకోవే," అన్నాడు కసూబా మెల్లగా.

"ఊరుకోను, చోలా నాన్నా. ఇవాళ మీరు ఊరుకోండి." అని, తమ బిడ్డ పేరుతో మొగుణ్ణి మందలించి, మసేకో ఉన్న దిక్కుకి తిరిగింది. "అన్నగారూ, బల్ల మీద ముక్కలు నాకు కనపడవు. వాసన చూడటం అబద్ధం, కనపడక ముక్కుకి ఆనించుకుంటున్నాను. ఈయన అరిస్తేనే నాకు ఆట. అంతే సంగతి. ఇక మీ ఇష్టం."

ముతింత లేచి వచ్చి, ఆవిడ గడ్డం పట్టుకుని వెలుతురు వైపు తిప్పి కళ్ళలోకి చూసింది. "పొరలా ఉంది అమ్మమ్మా. మా డాక్టరు చూస్తే తెలుస్తుంది. నాతో ఒక్కమాట చెప్పకూడదూ?"

"చెబితే కుర్చీ తీసేస్తారనుకున్నాను తల్లీ."

మసేకో కళ్ళద్దాలు తుడుస్తూనే ఉన్నాడు. చేతిలో ఒక్క ముక్కా లేదు, అయినా తుడుస్తున్నాడు.

"డమ్మీ మాట్లాడకూడదన్నది నియమమే," అన్నాడు చివరికి. "కనపడని వాళ్ళు బల్ల దగ్గరుంటే నలుగురూ ముక్క పేరు చెప్పి వేయాలన్నదీ నియమమే. ఇక్కడా ఉంది, ఎన్‌డోలాలోనూ ఉంది. అడిగితే చాలు. ఇన్నాళ్ళూ అడక్కుండా మొసలిని పట్టుకొచ్చాడు, కోతులు తినే జాతి!" అని ఆయనే పేక కలిపి పంచాడు.

పాట నాన్యాంగ్వేది అయింది. ముతింత మొదటి ముక్క వేస్తూ, "కళావరు తొమ్మిది, అమ్మమ్మా," అంది. గుడి పాట పాడినంత చక్కగా చెప్పింది.

ఇక కసూబా డమ్మీ. ముక్కలు పరచాలి. అందరూ ఆయన నోటి వంక చూస్తున్నారు. ఆయన మాత్రం తల వంచుకుని, చప్పుడు చేయకుండా ఒక్కోటీ దించుతున్నాడు.

"ఏం చోలా నాన్నా," అంది నాన్యాంగ్వే, ఆ మసకలోకి చూస్తూ. "నాలిక మొసలి పట్టుకుపోయిందా? మీ ముక్కలు నాకెవరు చెబుతారు?"

కసూబా గొంతు సవరించుకున్నాడు. "ఇస్పేటు రాజు," అన్నాడు చిన్నగా. "డైమను ఆసు. డైమను ఆరు." చెబుతూ చెబుతూ ఒక ముక్క దగ్గర ఆగాడు. ఆయన గొంతులోకి ప్రాణం తిరిగి రావడం ఆవిడకి వినపడింది. "ఇదిగో, ఆఠీను రాణిగారు! ఆ రోజు మొసలి చంకలోంచి దూకింది ఈవిడే!"

"ఇందాక పళ్ళ సందున అన్నారు," అంది నాన్యాంగ్వే, తన ముక్కలు ముక్కు దగ్గరికి తెచ్చుకుంటూ.