థర్లో రాసిన చీటీ

ఆగండాగండి, ఈ ఇద్దరి మాటలు వినండి! ఇంగ్లండులో ఓ నిఘంటువు ఆఫీసు. ‘గో’, అంటే ‘పోవడం’, అనే మాటకున్న ఒక్కో అర్థానికీ అచ్చు పుస్తకాల్లోంచి వాక్యం వెతికి చీటీ రాయడం పదకొండేళ్లుగా థర్లో పని. వాటిని సరిచూడటం వినిఫ్రెడ్ పని.

"థర్లో గారూ, ‘చనిపోవడం’ అనే అర్థం కింద ఈ చీటీలో మీరు రాసిన పుస్తకం ఎక్కడా లేదండీ."

"ఉండదమ్మాయ్. నేనే కల్పించా."

"అయ్యో! ఒక్క దొంగచీటీ దొరికినా ఎడిటర్ గారు మీ చీటీలన్నీ పొయ్యిలో పడేస్తారు!"

"తెలుసు."

"‘లాంతరు తీసుకెళ్లకు నాన్నా, నేనింకా పోలేదుగా’... ఎవరి మాటలండీ ఇవి?"

"మా నెల్‌వి. ఆఖరి జ్వరంలో అంది. ఏడేళ్ల పిల్ల మాటలు ఎవరు అచ్చేస్తారమ్మా?"

మెట్ల మీద ఎడిటర్ బూట్ల చప్పుడు. చీటీ ఇంకా వినిఫ్రెడ్ చేతిలోనే ఉంది. మీరైతే ఏం చేసేవారు?