తల్లి సీసా పగలగొట్టిన చేతులకు

1989వ సంవత్సరం జూలై మూడవ తేదీన ఈ సూక్ష్మజీవశాస్త్ర పరిశోధనాలయంలో కనిష్ఠ పరిశోధకురాలిగా అడుగుపెట్టిన విదుషీమణి, ఈ నెలాఖరున మా విభాగాధిపతిగా పదవీ విరమణ చేస్తున్నారు. తొలిరోజు వారికిచ్చిన బల్లకు ఒక కాలు పొట్టి. నియామక పత్రం వచ్చిన కవరునే మడిచి ఆ కాలి కింద పెట్టి వారు పని మొదలుపెట్టారు. ఆ కవరు నేటికీ అక్కడే ఉంది.

మన పేగుల్లో నివసించే ఒక బాక్టీరియా తన డీఎన్ఏకు నకలు తీసుకునే తీరు వారి జీవితకాల పరిశోధనాంశం. ఆ రాతలో లక్ష అక్షరాలకు ఒకటి చొప్పున పొరపాటు దొర్లుతుంది. రాసే యంత్రాంగమే చాలావరకు వెనక్కి జరిగి దాన్ని తుడిచి మళ్లీ రాస్తుంది. దాని కన్నుగప్పిన తప్పును పట్టడానికి వెనుక మరొక కాపలా ఉంది. డీఎన్ఏలోని పాత పోగు, దాన్ని చూసి రాసిన కొత్త పోగు, ఈ రెంటి అక్షరాలు జత కుదరనప్పుడు తప్పున్నదని తెలుస్తుంది, అది ఏ పోగుదో మాత్రం తెలియదు. అందుకే పాత పోగు మీద మిథైల్ అనే రసాయనపు గుర్తులుంటాయి. కొత్త పోగు మీద ఆ గుర్తులు పడేలోపే దాన్ని కోసి సవరించాలి. ఆలస్యమైతే తప్పూ ఒప్పూ ఒకే ముఖంతో నిలుస్తాయి.

ఈ కాపలాపై ప్రామాణిక వ్యాసాలు వెలువరించి, 2011లో విభాగాధిపతి అయ్యేనాటికి వారికి 'మళ్లీచూద్దాం గారు' అన్న పేరు స్థిరపడిపోయింది. ఏ ఫలితం చూపించినా వారి నోట వచ్చే మొదటి మాట అదే.

ఆ మరుసటి ఏడాది వచ్చిన సంకటాన్ని ఇక్కడ స్మరించక తప్పదు. కొత్తగా వచ్చిన ఒక మందు పదునును కొలవడానికి మా బాక్టీరియాను కొలబద్దగా ఆసుపత్రులకు పంపవలసి ఉంది. నిల్వగది సాంకేతిక సహాయకురాలు, మేమంతా సీసాలక్క అని పిలిచే ఆవిడ, సిద్ధం చేసిన సీసాలోని బాక్టీరియా చిన్న మోతాదుకే చచ్చింది. విభాగాధిపతి తమ గదిలో పరిశోధనకు వాడుకుంటున్న సీసాలోనిది అంతకు నాలుగింతలు తట్టుకుంది. రెండూ ఒకే తల్లి సీసా సంతానం. మందు కొత్తది కనుక పోల్చుకోవడానికి పూర్వపు కొలత లేదు.

"ఇంకేముందండీ, స్టోర్ రూమ్‌లో వేరేదేదో కలిసిపోయింది," అన్నారు నాటి డైరెక్టరు గారు. "ఆవిణ్ణి పంపించేద్దాం."

"నేనేం కలపలేదు సార్," అన్నారు గుమ్మం దగ్గర నిలబడిన సీసాలక్క. "మూత తీశానంటే ఊపిరి కూడా బిగబడతాను."

"మరి మేడమ్ గారి సీసా తప్పంటావా?"

జవాబు విభాగాధిపతి నుండి వచ్చింది. "నాది ఒప్పని ఎవరన్నారండీ? రెండూ నకళ్లే. తేడా ఉందని తెలిసింది, తప్పెవరిదో తెలీలేదు. తల్లి సీసా పగలగొడదాం."

ఎండబెట్టిన బాక్టీరియాతో సంస్థాపకులు సీలు వేసిన గాజు సీసాలవి. మూడే మిగిలాయి.

"ఒక్క ఉద్యోగి కోసం తల్లి సీసా తీస్తారా?"

"మరి దేనికోసం దాచుకున్నామండీ?"

మెడ విరిచి, పోషకద్రవం పోసి, పళ్లెంలో పరిచారు. మరునాడు పళ్లెం ఖాళీ. ఇన్నేళ్ల నిద్రలో అది చచ్చిపోయి ఉంటే ఒక తల్లి సీసా పోయినట్టే, సీసాలక్క ఉద్యోగమూ పోయినట్టే. "ఆవిడ విషయం తేల్చే కమిటీ మీటింగ్ ఇంకెన్నాళ్లు ఆపను?" అని డైరెక్టరు గారు విసుక్కున్నారు. "మళ్లీ చూద్దాం," అన్నారు వీరు. నవ్వడానికి మాలో ఎవరికీ ధైర్యం చాలలేదు.

ఆ మరునాడు పళ్లెం అంచున ఆవగింజంత చుక్కలు లేచాయి. వాటిని పెంచి మందు పెడితే చిన్న మోతాదుకే చచ్చాయి, అచ్చం సీసాలక్క సీసాలోని వాటిలాగే. ఇక విభాగాధిపతి తమ సీసాలోని డీఎన్ఏను చదివించారు. తప్పులను పట్టే ఆ కాపలా తాలూకు జన్యువులోనే ఒక అక్షరం ఊడిపోయి ఉంది. అక్కడి నుంచి తప్పు మీద తప్పు పేరుకుపోయింది, మందును తట్టుకునే బలమూ అలా వచ్చిందే.

"సరిచూసేదే చెడిందండీ," అని వారు విచారణ కమిటీ ఎదుట చదివారు. "సీసా నాది. దాని మీద ఆధారపడి మొన్న పంపిన వ్యాసాన్నీ వెనక్కి తీసుకుంటున్నాను." ఆ వ్యాసం ఆరేళ్ల శ్రమ. ఆ తరువాత వారు సీసాలక్క వైపు తిరిగారు. "కూర్చోమ్మా, ఎంతసేపు నిలబడతావు?"

"వద్దు మేడమ్. కూర్చుంటే మళ్లీ లేవలేను."

తమ సీసాకు తామే తీర్పరి కాకూడదన్న నియమం నాటి నుండి మా విభాగంలో అమలులో ఉంది. మిగిలిన రెండు తల్లి సీసాల తాళం నేడు నిల్వగది అధికారిణి అయిన సీసాలక్క దగ్గరే ఉంది.

ఈ వ్యాసాన్ని సరిచూడమని సీసాలక్కకే ఇచ్చాను. ఒక్క లోపం పట్టారు: "నేను నిలబడే ఉన్నట్టు రాశారేంటండీ? మేడమ్ లేచి తన కుర్చీ నా వెనక్కి జరిపారు. కూర్చున్నాను." సవరించుకుంటున్నాను.

దేహంలోని కణం తనకు తాను నకలు తీసుకునే ప్రతి క్షణం, వెనుకనున్న కాపలా మేలుకొని ఉండటమే ఆరోగ్యమని మాకు బోధించినవారు వీరు. వీరి దేహంలో ఆ కాపలా నూరేళ్లూ రెప్ప వేయకుండుగాక. ఇకపై వీరు ఏ గదిలోకి అడుగుపెట్టినా, ఒక కుర్చీ వీరి వెనక్కి జరుగుగాక.