గుమాస్తా జరిపిన కుర్చీ

ఇందులో ఒక్క ముక్క కల్పించినా నాలుక కోసుకుంటాను. కాలేజీ నుంచి నేరుగా ఉద్యోగంలో చేరిన పిల్ల, మందుల గిడ్డంగిలో తన మొదటి సాఫ్ట్‌వేర్ అమర్చి, పదిరోజులు తనకు అక్కడి పని నేర్పిన గుమాస్తా ఎదుట నిలబడింది.

"నడుస్తోందా తల్లీ?"

"నడుస్తోంది బాబాయ్."

"ముందు పాడయ్యే మందు ముందువరసలో పెట్టాలని చెప్పావా దానికి?"

"మీరు నేర్పినవన్నీ చెప్పాను."

"ముప్పయ్యేళ్ల నా బుర్రంతా ఊడ్చేశావన్నమాట, గడుసుదానా!"

"ఇక అదే చాలట బాబాయ్. రేపట్నుంచి మీరు రానక్కర్లేదట. ఆ మాట మీ మేనేజరు నన్నే చెప్పమన్నారు."

"ఏడవకమ్మా. మొదటి పనే ఇంత బాగా ఎవరికి కుదురుతుంది?"

అంటూ ఆయన నవ్వి, తన కుర్చీ ఆమెకు జరిపాడు.

కుర్చీ నిజమే. ఆ నవ్వొక్కటే నా కల్పన. నాలుక మాత్రం అడక్కండి.