పదకొండో మెట్టు

హలో… ఆ, నేనే, స్వరాజ్యలక్ష్మి టీచర్‌ని. పొద్దటిసంది నాలుగుసార్లు చేసిన జయరాజూ.

… రంపం చప్పుల్ల ఇనబడలేదా? మంచిది. బళ్లె గూడ నీకు నా గొంతు ఇనబడకపోతుండె. అప్పుడు రంపం లేకుండె గని.

… తిన్న. తిన్న బిడ్డా. మా ఆయన పోయి ఐదు నెలలైంది, ఐదు నెలల సంది అందరు ఇదే అడుగుతున్నరు. ఆయన పోతే నేను తినుడు బంద్ పెట్టిననుకుంటున్నరో ఏమో.

… ఆ, గిటార్ ముచ్చటకే చేసిన. మా సారు బొమ్మలు పొదుగుమని నీకిచ్చిందే, మొన్న నువ్వు తెచ్చిచ్చినవ్ గదా. నిన్న మా బిడ్డ సాహితి హాస్టల్ నుంచి వచ్చి పెట్టె తెరిచింది.

… మంచిగున్నది. ఎవరు గాదన్నరు? గొల్లభామలు అచ్చం నా చీర మీదివే. నెత్తి మీద కుండ, కుండ మీద మెరుపు. ముత్యపుచిప్పను గంత సన్నగ ఎట్ల కోసినవో. పదో తరగతిల వృత్తం గియ్యమంటే కోడిగుడ్డు గీసినోనివి.

… నవ్వు, నవ్వు. నవ్వినంక ఇను. మూడో మెట్టుకు ఒక గొల్లభామ. ఐదుకు, ఏడుకు, తొమ్మిదికి ఒక్కొక్కతె. సరిగ్గనే ఉన్నది. ఆ తర్వాత జంటగ ఇద్దర్ని పెట్టినవ్ గదా. వాళ్లు ఏ మెట్టు మీదున్నరు?

… ఫ్రెట్టో మెట్టో, ఏదన్న అను. నంబరు చెప్పు.

… పదకొండు. నీ నోటితోనే అన్నవు. ఎన్నో దాని మీద ఉండాలె?

… సిలబస్‌ల లేదా?

పన్నెండు, జయరాజూ. ఏ గిటార్ చూసినా పన్నెండేనట. నాకు నిన్నటిదాక ఎరుక లేదు, సాహితి చెప్పింది. చెప్పినంక నేను టేపు పెట్టి కొలిచిన. తీగ మొత్తం అరవై ఐదు సెంటీమీటర్లు. పన్నెండో మెట్టు కాడికి ముప్పై రెండున్నర. సరిగ్గ సగం. మొదటి స్వరమే మళ్ల పై స్థాయిల మొదలయ్యే జాగ అది. అందుకే గాడ జంట గుర్తు.

… 'సూడ అందంగున్నది గదా టీచర్' అంటవా? అందంగనే ఉన్నది. సిద్దిపేట అని రాసిన రాయికి మంచిగ రంగేసి, తీస్కపోయి చిన్నకోడూరుల పాతినా అందంగనే ఉంటది. దాన్ని చూసి బస్సు దిగినోడు ఏం గావాలె?

… చూడకుండ వాయిస్తదని నీకు ఎవరు చెప్పిన్రు? చెయ్యి ఉరుకుతుంటె కన్ను గుర్తు మీదికే పోతదట. నిన్న మూడుసార్లు వాయించింది. మూడుసార్లు అదే కాడ తప్పింది. మూడోసారి గిటార్ మంచం మీద పెట్టి, లోపలికి పోయింది.

… వచ్చే ఆదివారం కరెంటాఫీసోళ్లు సారు యాదిల సభ పెడుతున్నరు, నీకు ఎరికే గదా. ఆయన యాభై ఏండ్లకు బిడ్డ దగ్గర కూసోని నేర్చుకున్నది ఒక్కటే పాట. సభల సాహితి అదే వాయిస్తనన్నది. ఆయన గిటార్ మీదనే వాయిస్తదట. వేరేది తెస్తమంటే వద్దంటున్నది.

… లేదు, బాధ చెప్తలేను. పని చెప్తున్న.

… ఏంది? టీచర్ చెప్పినట్టే చేసినవా? ఏ టీచర్?

… నేనా? నేను నీ దుకాణం గడప తొక్కింది లేదు జయరాజూ.

… సారిచ్చిన కాయిదంల ఉన్నదా. ఇరవై ఏడేండ్లు కరెంటు స్తంభాలకు నంబర్లేసిన మనిషి. ఆయనకు పదకొండుకు పన్నెండుకు తేడా తెల్వదా? పోయినోళ్ల మీదికి నూకుడు మస్తు అల్కగుంటది. వాళ్లు తిరిగి మాట్లాడరు.

… పెట్టు. వాట్సాప్‌ల పెట్టు ఫోటో. నేను గూడ చూస్త. ఆగు, స్పీకర్ వేస్త.

… వచ్చింది. ఇంకా తిరుగుతున్నది.

… ఆ. చేతిరాత ఆయనదే. మూడు, ఐదు, ఏడు, తొమ్మిది, పన్నె—

…

ఉన్న.

… ఎర్ర ఇంకు. ఆ, కనబడుతున్నది.

… చదువొస్తది నాకు, నువ్వు చదవకు. పన్నెండు కొట్టేసి పైన పదకొండు. పక్కకు 'శ్రద్ధ అవసరం'. కింద పొట్టి సంతకం గూడ పెట్టిన.

… ప్రీఫైనల్ పేపర్లు దిద్దుతున్న ఆ రోజు. సారు ఈ కాయిదం ఆ కట్ట పక్కకు పెట్టిపోయినట్టున్నడు. మూడు, ఐదు, ఏడు, తొమ్మిది ఉంటే తర్వాత పదకొండు గాక ఏముంటది? ఇరవై ఆరేండ్ల సంది అదే చెప్తున్న. ఏ పోరడో లెక్క తప్పిండనుకున్న. వెనుక గొల్లభామ బొమ్మ ఉన్నదా? తిప్పి చూడలే. తల గూడ ఎత్తలే.

… ఆగు. ఆగు జయరాజూ. పన్నెండని నీకు ముందే ఎరుకేనా?

… ఎరుకుండి పదకొండుకు ఎట్ల తొలిచినవ్?

… సారును అడిగినవా. అడిగితే?

… నవ్విండా.

… ఎంతసేపు?

… ఏమన్నడో ఆయన అన్నట్టే చెప్పు. నువ్వేం కలపకు.

… 'మా టీచర్ దిద్దినంక ఇగ తిరుగులేదు. పన్నెండుకే పెట్టిస్తే నేను ఆ ఇంట్ల ఉండాల్నా వద్దా' అన్నడా.

… ఉండాల్నా వద్దా అని.

…

లేదు, కట్ గాలే. ఫోటో పెద్దగ చేసి చూస్తున్న.

… ఇంకా ఏమన్నడు? చెప్పు, ఏం గాదు.

… 'ఇంటికి తీస్కపోయి ఆమె ముందట్నే వాయిస్త, తప్పు పోతది, ఎందుకు తప్పిందని ఆమె అడగాలె.' అడుగుదును. తప్పకుండ అడుగుదును. తప్పు ఇనబడితే నేను ఊకుండే మనిషినా?

… నువ్వెందుకు ఏడుస్తున్నవ్? గిరాకీ వచ్చే టైము. మొఖం కడుక్కో పో.

… తీసేస్తవా? ఎట్ల?

… ఆ. రెండు బొమ్మలు పీకి, గుంతల నల్ల చెక్కపొడి జిగురుల కలిపి నింపుతవ్. పన్నెండు కాడ మళ్ల తొలుస్తవ్. పదకొండు కాడ ఏం కనబడది. వేలు పెట్టి రుద్దినా తెల్వది.

… అంత నున్నగనా?

… శుక్రవారం వరకు ఇస్తవ్. మంచిది.

…

వద్దు.

… పని వద్దంటలేను. సాహితికి పన్నెండు కావాలె. సభల బిడ్డ చెయ్యి తప్పొద్దు. ఇద్దర్ల ఒకామెను తీసి పన్నెండు కాడ పెట్టు, నడిమధ్యల.

… రెండో ఆమె గాడనే ఉండని.

… లెక్క ప్రకారం తప్పే. నాకు చెప్తున్నవా?

… సాహితి ఆగమైతదని అనుకోను. తొమ్మిది దాటినంక రెండో బొమ్మ నీదని చెప్త. రెండు రోజులల్ల అలవాటైతది దానికి. అది వాళ్ల నాయిన లెక్క, తొందరగ నేర్చుకుంటది.

… తీసిన కాడ గుంత నింపు. నువ్వు ఇప్పుడు చెప్పినంత నున్నగ చెయ్యకు. ఇక్కడ ఒకటుండె అని తెలిస్తే మంచిదే.

… కుడిది తియ్యాల్నా ఎడమది తియ్యాల్నా అని మళ్ల ఫోన్ చెయ్యకు. ఏది అల్కగ వస్తే అది తియ్యి.

… రేపు పొద్దున వచ్చి తీస్కపో. ఎనిమిదిలోపు రా, తర్వాత నాకు బడి.

… ఇగో, జయరాజూ. ఇందాక రాయి అన్న, రంపం అన్న. అవి మర్చిపో. నువ్వు చెప్పింది చెప్పినట్టు చేసినవ్. నా క్లాసుల ఒక్కనాడన్న అట్ల చేసుంటే మస్తు మార్కులొస్తుండె.

… ఆ, నవ్వు. నువ్వు నవ్వితెనే నయం.

… నిన్న పొద్దుగూకిందాక ఇద్దరం కూసోని నిన్నే తిట్టినం బిడ్డా. చేత గానోని చేతికిచ్చిండు నాయిన అని సాహితి అంటే, అవునన్న. నేనే ఎక్కువ అన్న.

… లేదు, సాహితికి నువ్వు చెప్పకు. నేనే చెప్త.

… ఎప్పుడంటే—

… ఇగో, తానే వచ్చింది. తలుపు కాడ నిలబడ్డది.

… ఫోన్ల జయరాజేనా అంటున్నది.

… తప్పు ఎవరిదట అని అడుగుతున్నది.

… ఆ. ఫోన్ పెడుతున్న.