మాలకొండమ్మ మేకలూ, సింగపూరు ప్లేటూ

ఆ ఫోను కాస్త తగ్గించరా అబ్బయ్యా, చెవులు గింగురుమంటా ఉండాయి. ఇంగిలీషు పాటేనా అది? నీకు తెలవదులే, అట్టాంటి పాటలు పాడే మనిషి మన ఉదయగిరి కొండ కింద నించే పోయింది. చెంచులక్ష్మి. మేకల మాలకొండమ్మ కూతురు. దొరసాని పిల్లోళ్ళని ఎత్తుకునే ఆయాగా కొలంబో పోయింది, ఆడ్నించి సింగపూరు. పిల్లోళ్ళకి జోల పాడతా ఉంటే దొర విన్నాడంట, హోటల్లో బ్యాండు వాయించేవోళ్ళ కాడికి తీసకపోయినాడంట. ఇంకేముండాది, బాకాలు, పియానో, డ్రమ్ములు, మధ్యలో మన చెంచులక్ష్మి గౌనేసుకోని. పేరు మిస్ లక్కీ. ఇదంతా మాకు తర్వాత తెలిసింది. ఈలోపల యుద్ధం వచ్చి జపానోడు సింగపూరు మింద బాంబులేసినాడు, కబురు ఆగిపోయింది. యుద్ధమయిపోయినా లేదు. స్వాతంత్రం వచ్చినా లేదు.

మాలకొండమ్మ మరిది కొండలయ్య ఉండేవాడు, గట్టిగా మాట్లాడే మనిషి. "వదినా, పిల్ల పోయింది. కర్మ చేయకుంటే దిక్కు లేకుండా తిరగతాది. ఆదివారం చేసేద్దాం" అన్నాడు. ఆమె మేకల్ని తోలుకోని పోయింది. ఆయన ఆత్మకూరు పోయి బియ్యం, బెల్లం గూడా తెచ్చేసినాడు. అప్పుడు దిగినాడు మస్తాను. టీ హోటలు హుసేనయ్య తమ్ముడులే, ఓడల్లో బొగ్గేసే పని. సింగపూరు నించి గ్రామఫోను ప్లేటొకటి తెచ్చినాడు. "ఇండియా మనిషంట, మొన్న మొన్ననే పాడిందంట. అట్ట మింద బొమ్మ చూడండి, మన చెంచులక్ష్మి కాదూ?" అన్నాడు. కొండలయ్య చూసి, "పౌడరు పూసుకోని జుట్టు కత్తిరించుకున్న ఏ తల్లి కూతురో" అన్నాడు. కర్మ చేసేది ఆదివారం, ఆ రోజు శనివారం.

సాయంత్రం మాలకొండమ్మ మేకల్ని తోలుకొస్తా హోటలు ముందర ఆగింది. "నాకు కళ్ళానవు నాయనా, పెట్టండి వింటా" అనింది. హుసేనయ్య హోటల్లో ఉన్న గ్రామఫోను పెట్టె తిప్పి ముల్లు పెట్టినాడు. అంతా ఇంగిలీషు. ఆమె కాసేపు విని, "నా బిడ్డ ఇట్టా గొంతు నలిపి మాట్లాడదు" అని లేచింది. "నేను చెప్పలా?" అన్నాడు కొండలయ్య. అప్పుడు పాటలో మాటలాగిపోయినాయి. బాకాలు గూడా ఆగినాయి. ఆ పిల్ల ఒక్కతే, "హుర్ర్‌ర్రో ర్రో... బ్బాఁ హోయ్!"

నీకు తెలవదుగా. దుత్తలూరు పక్క నీళ్ళకాడ మందలన్నీ కలిసిపోయేవి. ఒక్కో ఇంటికి ఒక్కో కూత. కూత పెడితే ఆ ఇంటి మేకలే బయటికొస్తాయి, మిగతాయి తలెత్తవు. అది మాలకొండమ్మ ఇంటి కూత. వాకిట్లో మేకలన్నీ లేచి హోటల్లోకి వచ్చేసినాయి! బల్లలెక్కినాయి, గ్లాసులు పగలగొట్టినాయి, బన్నులు తినేసినాయి. "ప్లేటు ఆపండ్రా!" అని హుసేనయ్య ఒకటే కేకలు. "ఆపబాక" అనింది ఆమె. కొండలయ్య గొంతు తగ్గించి, "తెచ్చిన బియ్యమేం చేద్దాం వదినా?" అన్నాడు. "వండు. తిందాం" అనింది.

రాలేదురా. చెంచులక్ష్మి లండన్ పోయిందన్నారు, ఆస్ట్రేలియా అన్నారు. మాలకొండమ్మ మాత్రం దినామూ ఆ ప్లేటు పెట్టించుకోని వినేది, మేకల్ని బయట కట్టేసి. హుసేనయ్య షరతు అది. తర్వాత కొన్నేళ్ళకి ఆమె గూడా పోయింది. పూడ్చిపెట్టి అందరం వచ్చేసినాం, ఆమె వెంట వచ్చిన మంద మాత్రం సమాధి కాడే పడుకోనుండాది. కొండలయ్య కూత పెట్టినాడు. ఆయనిల్లు వేరు, ఆ కూత ఆయన గొంతుకి పలకదు. ఒక్కటీ లేవలా. అప్పుడు కొండలయ్యే హోటలుకొచ్చి, "ఆ పెట్టె ఓసారియ్యి హుసేనయ్యా" అన్నాడు. నెత్తిన పెట్టుకోని పోయి సమాధి కాడ తిప్పినాడు. ఆ కూత కాడికొచ్చేతలికి మేకలు లేచినాయి. మళ్ళా కాస్త దూరం మోసి, దించి, తిప్పి. మళ్ళా మోసి, దించి. అట్టా ఇంటి దాకా పిల్చుకొచ్చింది ఆ పిల్ల.

ప్లేటా? అరిగిపోయిందిరా.

ఇందాకటి నీ పాటలో గూడా మధ్యలో మాటలాపి ఊరికే కూస్తారా? ఊఁ... పెట్టు, చూద్దాం.